పెండ్లి కార్డు మీద తండ్రి పేరు

త్రివేణి తను దిగాల్సిన స్టాపులో దిగిన రోజులు తక్కువ. మల్లాపూర్ వైపు కంపెనీ దగ్గర బస్సెక్కి నాచారంలో దిగాల్సిన మనిషి, కిటికీ పక్కన సీటు దొరికిందంటే ఇక ఈ లోకంతో పని లేదు. ఉప్పల్లో బస్సు ఖాళీ అయ్యాక కండక్టరు "ఓ అక్కా, దిగుతవా, మా ఇంటికొస్తవా?" అని కేకేస్తే అప్పుడు ఉలిక్కిపడేది. వెనక్కి ఇంకో బస్సు పట్టుకుని, పొద్దు వాలే వేళకు మా వీధిలోకి నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చేది. "ఇవాళ కూడా ఉప్పలేనా?" అని నేను మేడ మీంచి అడిగితే, "మెట్రో కింద కాగితం పూలు మస్తు పూసినయ్ టీచరమ్మా" అనేది. దారి తప్పానన్న సిగ్గు ఏ కోశానా ఉండేది కాదు.

ఆమె పని చొక్కాలు కుట్టే కంపెనీలో చెకింగు. గుండీ గట్టిగా ఉందా, దారం కొస మిగిలిందా చూసి పక్కకు పెట్టాలి. "చేతులు సూస్కుంటయ్, నేనెందుకు?" అనేది. నిజంగానే ఆమె చూసిన చొక్కాలో తప్పు దొరికిందని ఎవరూ అనలేదట. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు మాత్రం ముగ్గురు వరసగా ఒకటే మాటన్నారు, పిల్ల మంచిదే గానీ చెవులు ఒకసారి డాక్టరుకు చూపించండి అని. తల్లి కిష్టమ్మ ఆ మాటకు భగ్గుమంది. కూతురు ఆ మాటే వినలేదు. అలా ముప్పై దాటింది.

నా పేరు మంగతాయారు. ముప్పై రెండేళ్లు సర్కారు బళ్లో తెలుగు చెప్పి, రిటైరై, నాచారంలో ఈ మేడ మీద వాటాలో ఉంటున్నాను. పుట్టింది గోదావరి పక్కన. నా భాష ఇప్పటికీ వీళ్లకు నవ్వులాటే. అయినా అర్జీ రాయాలన్నా, పెళ్లి కార్డు రాయాలన్నా ఈ వీధికి దిక్కు నేనే. టీచరమ్మ రాస్తే ఇక తిరుగుండదంటారు. ఆ పొగడ్తకు పొంగిపోయే గుణం నాకుంది. ఈ కథలో కొంప ముంచింది అదే. ముందుగానే ఒప్పేసుకుంటున్నాను.

మా ఎదురిల్లు పిట్టల సాంబయ్యది. ముందు గదిలో మోటార్లు రీవైండింగ్ చేసే షాపు. ఎండాకాలం వచ్చిందంటే కాలిపోయిన కూలర్ మోటార్లు, ఫ్యాన్లు గడప దాటి రోడ్డు మీదికి వచ్చేస్తాయి. సాంబయ్య నోరు మంచిది కాదు. ఫ్యాను తెచ్చినవాణ్ణి ముందు తిట్టి, తర్వాత ఫ్యాను చేతిలోకి తీసుకుంటాడు. భార్య లక్ష్మీనర్సమ్మ ఆ తిట్లు తిన్నవాళ్లకు చల్లటి నీళ్లిచ్చి పంపుతుంది. ఇద్దరు కూతుళ్లూ అత్తారిళ్లలో ఉన్నారు. ఆ ఇంట్లో బల్ల ముందు కూర్చుని, కొన్నేళ్లుగా రాగి తీగ చుడుతున్నవాడు బరాకా.

బరాకాది ఆఫ్రికాలో టాంజానియా, పెద్ద సరస్సు ఒడ్డున మ్వాంజా అనే ఊరు. కంప్యూటర్ డిగ్రీ కోసమని హబ్సిగూడ దగ్గర ఒక కాలేజీలో చేరాడు. మూడో ఏడు అతని తండ్రి మసంజా చేపల వేటకు పోయి సరస్సులో మునిగిపోయాడు. ఫీజు ఆగింది, కాలేజీ పేరు కొట్టేసింది, ఆ ఏడే వీసా గడువు కూడా అయిపోయింది. అప్పుడే వెళ్లి విదేశీయుల ఆఫీసులో ఉన్న సంగతి చెప్పుకోవాల్సింది. భయపడ్డాడు. రేపు వెళ్దాం, సోమవారం వెళ్దాం అనుకున్నాడు. ఇంతలో కరోనా వచ్చి ఆఫీసుల్నీ హాస్టళ్లనీ మూసేసింది. సంచీ పట్టుకుని మా వీధి మొగలో దిక్కులు చూస్తూ నిలబడితే సాంబయ్య తన పద్ధతిలో ఒక తిట్టు తిట్టి, "గీ ఎండల నిలవడి ఏం సూస్తున్నవ్‌రా? లోపటికి రా, జర ఈ తీగ పట్టుకో" అన్నాడు. లోపలికి వెళ్లినవాడు మళ్లీ బయటికి రాలేదు.

గడువు దాటిన మనిషి ఎలా బతుకుతాడో అతన్ని చూశాకే నాకు తెలిసింది. జ్వరమొస్తే దవాఖానాకు పోడు, అక్కడ పేరడుగుతారు. చౌరస్తాలో పోలీసు కనబడితే పక్క సందులోకి తిరుగుతాడు. కొరియర్ తీసుకుని సంతకం చెయ్యమంటే లక్ష్మీనర్సమ్మను పిలుస్తాడు. తన పేరు ఏ కాగితం మీదా పడకుండా ఆరేళ్లు నెట్టుకొచ్చాడు. తెలుగు మాత్రం సాంబయ్య దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి తిట్లు ముందొచ్చాయి, మాటలు తర్వాతొచ్చాయి.

వేసవిలో మధ్యాహ్నం రెండు దాటాక మా వీధి కళ్లు మూసుకుంటుంది. కుక్కలు కూడా మొరగవు. ఎటువైపు నుంచో బిస్కెట్లు కాల్చే వాసన గాలిలో తేలి వస్తుంది. మౌలాలి వైపు గూడ్సు బండి వెళ్తూ ఉంటుంది, అది ఎంతసేపటికీ అయిపోదు. ఎదురింట్లో బరాకా పెదాలు కదుపుతూ తన భాషలో చుట్లు లెక్కపెడుతుంటాడు. మోజా, ఎంబిలి, తాతు. నేను మేడ మీద ఆ లెక్క వింటూ, గోదావరిలో పడవ ఎక్కినట్టు నిద్రలోకి జారిపోయేదాన్ని. అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నమే త్రివేణి టేబుల్ ఫ్యాను చంకలో పెట్టుకుని ఆ గడప ఎక్కింది.

"రేపు రా అక్కా," అన్నాడు బరాకా. ఆడవాళ్లంతా అక్కలు, మగవాళ్లంతా అన్నలు, అట్లయితేనే బతుకుతావని సాంబయ్య మొదటి రోజే నేర్పాడు.

ఫ్యాను బాగైంది. తర్వాత మిక్సీ వచ్చింది, తర్వాత ఇస్త్రీ పెట్టె, తర్వాత పక్కింటివాళ్ల మిక్సీ. ఇక చెడిపోవడానికి కిష్టమ్మ ఇంట్లో ఏ వస్తువూ మిగల్లేదు. చివరికి బాగున్న ఫ్యానునే మళ్లీ తెచ్చింది. అతను విప్పి చూసి, "ఇది మంచిగనే ఉంది అక్కా" అన్నాడు.

"నాకెరుక. నువ్వు గా అక్క అనుడు బంద్ జేస్తవా, నన్ను ఫ్యాను తీస్కొని పొమ్మంటవా?"

లోపల లక్ష్మీనర్సమ్మ చేతిలో చెంబు కింద పడిన చప్పుడు నాకు మేడ మీదికి వినబడింది. బరాకా విప్పిన ఫ్యానును మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు. తర్వాత, "అయితే ఏమని పిలవాలె?" అని అడిగాడు. "నా పేరు లేదా?" అంది త్రివేణి. ఆ పిల్లకు అంత నోరుందని మా వీధికి ఆ రోజే తెలిసింది.

ఆదివారాలు సాయంత్రం ఇద్దరూ చెరువు గట్టు మీద నడిచేవాళ్లు. మా ఊరి నీళ్లకు అవతలి ఒడ్డు కనబడదని అతను చెప్తే, అవతల ఏముంటుందని ఆమె అడిగేది. వేరే దేశం అనేవాడు. పడవలో పోతే ఎవరూ కాగితం అడగరా అనేది. అక్కడ దాకా వచ్చాక అతను ఒకరోజు నిలబడిపోయి, తన కాగితం ఏనాడో అయిపోయిందని, ఎవరైనా పట్టుకుంటే పంపించేస్తారని, మళ్లీ రానివ్వకపోవచ్చని చెప్పేశాడు. "నన్ను పెండ్లి చేస్కుంటే నీకు ఫికరే త్రివేణీ" అన్నాడు.

ఆ వారమంతా త్రివేణి తన స్టాపులోనే దిగింది. నాకు భయమేసింది. ఆ పిల్ల లోకంలోకి వచ్చి ఆలోచిస్తోందంటే మామూలు విషయం కాదు. శనివారం నా దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, ఎక్కడికో పోయేది నాకు అలవాటే. ఈసారి ఒక్కదాన్నే పోను" అంది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో అడక్కండి.

చుట్టాలు అనాల్సినవన్నీ అన్నారు. రంగు గురించి అన్నారు, దేశం గురించి అన్నారు. అవి ఇక్కడ రాయను. కిష్టమ్మ మాత్రం ఒకటే పట్టు పట్టింది. "పిలగాడు మంచోడే. కాదనను. కానీ పెండ్లంటే ఇద్దరు మనుషులా? రెండిండ్లు. వాడి దిక్కు నుంచి మా గడపకు వచ్చేదెవరు? తాంబూలం అందుకునేదెవరు? నా బిడ్డను ఎవరింటి కోడలని పంపాలె?"

సాంబయ్య చేతిలో మోటారు కింద పెట్టాడు. "మా ఇంటి కోడలని పంపు. తండ్రి లేడు, నేనున్న. పీటల మీద నేను కూసుంట, నా పెండ్లాం కూసుంటది. ఇంటిపేరు లేకుంటే నాది ఇస్త. ఇంగేం గావాలె?"

మా వాళ్లలో ఇది వింత కాదు. అబ్బాయికి ఎవరూ లేకపోతే తెలిసిన దంపతులు తల్లిదండ్రులై పెళ్లి జరిపిస్తారు. పంతులు వాళ్ల ఇంటిపేరు, గోత్రం చదువుతాడు. ఆ రోజు నుంచి ఆ వరసలే నిలిచిపోతాయి. మ్వాంజాలో ఉన్న బరాకా తల్లి కూడా ఫోన్లో సరేనంది. తన కొడుకుకు అక్కడో తండ్రి దొరికాడని ఆమె దేవుడికి దండం పెట్టుకుందట.

కార్డు నేను రాశాను. అదీ ఒక మధ్యాహ్నమే. వీధి నిద్రపోతోంది, బిస్కెట్ల వాసన వస్తోంది, ఎదురింట్లోంచి మోజా, ఎంబిలి వినబడుతోంది. బరాకా అని రాసి చూశాను, పక్కన ఇంటిపేరు అతకలేదు. కొట్టేసి, 'పిట్టల సాంబయ్య, లక్ష్మీనర్సమ్మ దంపతుల ఏకైక కుమారుడు చి. బాలరాజు' అని రాశాను. ఎంత కుదురుగా ఉందో! మళ్లీ మళ్లీ చదువుకుని మురిసిపోయాను. మెలకువలో ఉన్న మనిషైతే ఆ కార్డు ఎవరి చేతుల్లోకి పోతుందో ఒక్క నిమిషం ఆలోచించేది.

అచ్చయి వచ్చాక బరాకా వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాడు. "ఈ బాలరాజు ఎవరు?" అని అడిగాడు. నువ్వేరా అన్నాం అందరం. కాసేపు కార్డు వంక చూసి, పకపకా నవ్వి, జేబులో పెట్టుకున్నాడు. ఆరేళ్లుగా పేరు దాచుకున్న మనిషికి, భయం లేని పేరొకటి అచ్చులో కనబడింది. ఆ పూట చాప మీద పడుకుని సాయంత్రం దాకా నిద్రపోయాడని లక్ష్మీనర్సమ్మ చెప్పింది.

పెళ్లి మా వీధిలోనే, టెంటు కింద. జల్లు పడి వెలిసింది, పందిట్లో ఎండ పసుపుగా దిగింది. కిష్టమ్మ అల్లుడి కాళ్లు కడుగుతుంటే సాంబయ్య పెద్దరికంతో మీసం దువ్వుకున్నాడు. తాళి కట్టే వేళ ఫోన్లోంచి బరాకా తల్లి నాలుక ఆడిస్తూ ఒక పెద్ద కూత పెట్టింది. బ్యాండువాళ్లు ఆపేసి విన్నారు. అది ఆనందమని చెప్పనక్కర్లేకుండానే అందరికీ తెలిసింది. మర్నాటి నుంచి బరాకా సాంబయ్యను ఉస్తాద్ అనడం మానేసి నాయినా అన్నాడు. త్రివేణి మామా అంది. సాంబయ్య తిట్లు సగానికి తగ్గాయి.

హబ్సిగూడ వకీలు విశ్వనాథం గారి దగ్గరికి తీసుకెళ్లింది త్రివేణే. ఆయన అంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "దాక్కున్నంత కాలం నువ్వు దొంగవే. నీ అంతట నువ్వే వెళ్లి చెప్తే తప్పు చేసినవాడివి. రెంటికీ చాలా తేడా ఉంది నాయనా," అన్నాడు. విదేశీయుల ఆఫీసులో తప్పు ఒప్పుకుని, వాళ్లు చెప్పిన గడువులోగా దేశం విడిచి వెళ్లాలి. అక్కడి నుంచి, ఇక్కడి అమ్మాయి భర్తగా కొత్త వీసాకు దరఖాస్తు పెట్టాలి. దానికి టెంటు కింద జరిగిన పెళ్లి చాలదు. పరాయి దేశపు మనిషి కాబట్టి ప్రత్యేక చట్టం కింద రిజిస్టరు కావాలి, సర్టిఫికెట్ చేతికి రావాలి. "అది లేకుండా ఇతను విమానం ఎక్కాడో, ఎవరని చెప్పి వెనక్కి పిలిపించుకుంటావమ్మా?" అన్నాడు.

త్రివేణి ఆ మాట ఇంటికొచ్చే దాకా పైకి అనుకుంటూనే ఉంది. ఎవరని పిలిపించుకోవాలె. ఎవరని.

బరాకా వెళ్లి ఒప్పుకున్నాడు. గడువిచ్చారు, రెండు నెలలు. పెళ్లి రిజిస్ట్రేషను దరఖాస్తు కూడా వేశారు. ముప్పై రోజులు నోటీసు బోర్డు మీద ఉండాలి, పోలీసు విచారణ జరగాలి. నోటీసు మీద అతని పేరు బరాకా, తండ్రి పేరు కీర్తిశేషులు మసంజా. అంతా సక్రమంగానే ఉంది, విచారణకు నరేందర్ అనే కానిస్టేబుల్ మా వీధిలోకి వచ్చే దాకా.

అతను మామూలు బట్టల్లో, బండి మీద వచ్చాడు. కిరాణా కొట్టు రమేష్‌కు ఫొటో చూపించి ఇతనెవరని అడిగాడు. బరాకాను పట్టుకుపోవడానికే వచ్చాడనుకున్నాడు రమేష్. "మా సాంబన్న కొడుకు సార్," అన్నాడు తడుముకోకుండా. పక్కింట్లో అడిగితే "పిట్టలోల్ల పిలగాడు, ఈడనే పుట్టి పెరిగిండు" అన్నారు. ఇంకో ఇంట్లో చిన్నప్పుడు ఎత్తుకుని ఆడించానని కూడా చెప్పిందొక ముసలమ్మ. వీధి వీధంతా కలిసి, ఒక్కడి కోసం, ఎంత ప్రేమగా అబద్ధమాడిందో! మిగిలింది నేను. పెళ్లి జరిగిందా అని అడిగాడు నన్ను. జరిగిందనడానికి సాక్ష్యం కావాలి కదా అని, బీరువాలోంచి కార్డు తెచ్చి, గర్వంగా అతని చేతిలో పెట్టాను.

అతను కార్డు చదివాడు. ఫొటో చూశాడు. నా ముఖం చూశాడు. "టీచర్ గారూ, ఈ బాలరాజు ఎవరు?" అన్నాడు.

అప్పుడు మెలకువ వచ్చింది నాకు.

ఒకే మనిషి రెండు పేర్లతో, ఇద్దరు తండ్రులతో బతుకుతున్నాడని రిపోర్టు వెళ్లింది. ఫైలు ఆగిపోయింది. విశ్వనాథం గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి సంగతి చెప్పాడు. దొంగపేరుతో ఉన్నాడని తేలితే ఇక మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరట. దారి ఒక్కటే ఉంది. సాంబయ్య, లక్ష్మీనర్సమ్మ ఇద్దరూ ప్రమాణపత్రం మీద సంతకం పెట్టి, ఆఫీసరు ముందు స్వయంగా చెప్పాలి. ఇతను మా కొడుకు కాడు, దత్తత కాదు, మాకూ ఇతనికీ ఏ బంధుత్వమూ లేదు అని. వచ్చే బుధవారం రమ్మన్నారు. బరాకా గడువు ఆ తర్వాత పద్ధెనిమిది రోజులు.

"పెట్ట," అన్నాడు సాంబయ్య. పెట్టనని. "అగ్గి ముంగట కొడుకన్న. ఇప్పుడు ఆఫీసర్ ముంగట కాదనాల్నా? గట్లంటే గా పెండ్లి ఏంది మరి? ఆటనా?"

రెండు రోజులు షాపు తలుపు సగం వేసే ఉంది. బరాకా బల్ల ముందు కూర్చోలేదు. మూడో రోజు మధ్యాహ్నం నేను మెట్లు దిగి వెళ్లేసరికి, సాంబయ్య ఒక్కడే మోటారు చుడుతున్నాడు, ఎదురుగా నేల మీద త్రివేణి కూర్చుని ఉంది. నేను గడప దగ్గరే నిలబడ్డాను. లోపలికి వెళ్లే ముఖం నాకు లేదు.

"మామా, నీకిష్టం లేకుంటే పెట్టకు," అంటోంది త్రివేణి. గొంతు మెత్తగానే ఉంది. "కానీ ఒక్కటి విను. నువ్వు కొడుకన్నవు. గా కొడుకు మళ్ల ఇంటికి రావాలంటే తొవ్వ ఒక్కటే ఉన్నది. గా తొవ్వకు అడ్డం ఎవరో కూసోలే. నువ్వే కూసున్నవ్."

సాంబయ్య చెయ్యి ఆగింది. చుట్టిన తీగ వంక చూశాడు. లెక్క తప్పింది. మొదటి నుంచీ విప్పడం మొదలుపెట్టాడు. రాగి తీగ వలయాలు వలయాలుగా అతని మోకాళ్ల చుట్టూ పడుతోంది. తిట్టలేదు. అతను తిట్టకపోవడం చూస్తుంటే నాకు దుఃఖమొచ్చింది. నా రాతకు ఈ మనిషి అనుభవిస్తున్నాడు కదా అని నా మీద నాకే అసహ్యమేసింది.

"ఏం రాసిన్రో సదువు టీచరమ్మా," అన్నాడు నా వైపు చూడకుండా.

ప్రమాణపత్రం తీసి చదివాను. కన్నకొడుకు కాడు. దత్తత తీసుకోలేదు. బంధుత్వం లేదు. ఆస్తిలో హక్కు లేదు. చదువుతున్నంతసేపూ అతను తీగ విప్పుతూనే ఉన్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది సాంబయ్యా."

"వాని మీద గావురం లేదని యాడన్న రాసిన్రా?"

మళ్లీ మొదటి నుంచి చూశాను. నేను చదివిన చదువంతా ఆ ఒక్కసారి పనికొచ్చింది. "లేదు. ప్రేమ లేదని ఎక్కడా రాయలేదు," అన్నాను.

"అయితే పెడ్త," అన్నాడు.

బుధవారం ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆటోలోనే విశ్వనాథం గారు అందరికీ పాఠం చెప్పాడు. ఇవాళ ఎవరూ వరసలు పెట్టి పిలుచుకోకూడదు. మామా వద్దు, నాయినా వద్దు, అత్తమ్మా వద్దు. ఒక్క మాట జారినా ఆఫీసరు కాగితం కింద పెట్టేస్తుంది. త్రివేణి తలూపింది. ఆఫీసు మెట్లెక్కుతుంటే సాంబయ్యకు ఆయాసమొచ్చింది. అలవాటుగా చెయ్యి అందించబోయిన బరాకా, సగంలోనే వెనక్కి తీసుకున్నాడు. "పెద్దమనిషీ, మెల్లగ," అంది త్రివేణి.

ఆఫీసరు నడివయసు ఆవిడ. చెడ్డ మనిషి కాదు, అలిసిన మనిషి. కార్డు, ఫొటోలు, రిపోర్టు ముందు పెట్టుకుని సాంబయ్యను అడిగింది. "పెళ్లిలో తండ్రి స్థానంలో కూర్చున్నది మీరే కదా?"

"నేనే మేడమ్. పిలగానికి ఎవ్వలు లేరని కూసున్న."

"ఈ బాలరాజు అనే పేరు?"

"అది నేను రాశానండీ," అన్నాను ముందుకొచ్చి. "కార్డు మీద అందంగా ఉంటుందని రాశాను. తప్పు నాది." ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "టీచరా మీరు?" అంది. అంతకంటే చెంపదెబ్బ నయం.

మళ్లీ సాంబయ్య వైపు తిరిగింది. "సరే. ఇతను మీకేమవుతాడు?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. సాంబయ్య దాని వంకే చూశాడు చాలాసేపు, ఏదో మరమ్మతు ఉందేమో అన్నట్టు. బరాకా తల వంచుకుని నేల చూస్తున్నాడు. తెలుగు అతనికి ఎంత బాగా వచ్చో నాకు తెలుసు. రాకపోతే బాగుండునని ఆ రోజే అనుకున్నాను.

"ఏం గాడు మేడమ్," అన్నాడు సాంబయ్య.

తర్వాత లక్ష్మీనర్సమ్మను అడిగింది. ఆమె తల అడ్డంగా ఊపి, సంతకం పెట్టింది. ఆఫీసరు ఫైలులో ఏవో రాసుకుంది. సాక్షులను పిలిచింది. త్రివేణి, బరాకా సంతకాలు పెట్టారు. ఆరేళ్లు దాచుకున్న పేరును అతను త్రివేణి పేరు పక్కన నెమ్మదిగా, పూర్తిగా రాశాడు. ఠప్పున ముద్ర పడింది. త్రివేణి సర్టిఫికెట్ రెండు చేతులా పట్టుకుని, ఒక్క అక్షరం వదలకుండా చదివింది. అప్పుడు ఆమె ఎక్కడికీ పోలేదు. అక్కడే ఉంది.

కిందికి దిగాక సాంబయ్య ఆఖరి మెట్టు మీద కూర్చుండిపోయాడు. త్రివేణి వంగి, "లేస్తవా పెద్దమనిషీ?" అంది.

"కాయితం వచ్చింది గద బిడ్డా. ఇగ పిలువు."

"ఏమని?"

"పొద్దుగాల్ల సంది పెద్దమనిషి, పెద్దమనిషి అంటున్నవ్. నా పానం పోతున్నది."

"మామా," అంది త్రివేణి. అనేసరికి ఆమెకు కన్నీళ్లు జలజలా రాలాయి. బరాకా వచ్చి ఆ మెట్టు మీదే పక్కన కూర్చుని సాంబయ్య చెయ్యి పట్టుకున్నాడు. "నాయినా, పోదాం పా," అన్నాడు.

అంతే. అరవై ఎనిమిదేళ్ల మనిషి, నోరు తెరిస్తే తిట్టే మనిషి, ఆ చెయ్యి ముఖానికి ఆనించుకుని బావురుమన్నాడు. "నువ్వు నాకేం గావంటిని కొడుకా! అందరి ముంగట ఏం గావంటిని!"

విశ్వనాథం గారు కంగారుగా పైకి చూశాడు. "మెల్లగా, మెల్లగా. ఆఫీసరు గది కిటికీ తెరిచే ఉంది. వినపడుతుంది."

"వినపడితే వినపడనివ్వండి," అన్నాను నేను.

కానీ నేను కూడా మెల్లగానే అన్నాను.